ఎల్‌సాట్‌కి డంప్స్ దొరకవు

మనవాళ్లకి ఏ పరీక్ష పేరు చెప్పినా మూడే ప్రశ్నలు. కటాఫ్ ఎంత? కోచింగ్ ఎక్కడ? డంప్స్ దొరుకుతాయా? నేను ఎల్‌సాట్ రాస్తున్నానని ఆఫీసులో తెలిసిన రోజు నుంచీ ఈ మూడూ వరసగా వింటూనే ఉన్నాను. కాస్త చనువున్నవాళ్లు నాలుగోది కూడా అడుగుతారు, "పిల్లల్ని చదివించుకునే వయసులో నీకెందుకు బాబూ ఈ లా గొడవ?" అని. ఆ నాలుగోదానికి జవాబు చెబుదామనే ఈ టపా. మొదటి మూడింటి సంగతీ దారిలో తేలిపోతుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో వకీలు కావాలంటే మామూలు దారి, ఏదో ఒక డిగ్రీ అయ్యాక మూడేళ్ల జేడీ చదవడం. ఆ సీటు కోసం రాసేదే ఎల్‌సాట్. 1948 నుంచీ ఉంది. నడిపేది లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్, పొట్టిగా ఎల్‌సాక్. మార్కులు 120 నుంచి 180 దాకా, అంటే ఏమీ రాయకపోయినా 120 ఇచ్చి పంపిస్తారన్నమాట, అంత ఉదార హృదయం. తప్పు జవాబుకి మైనస్ లేదు. 35 నిమిషాల సెక్షన్లు నాలుగు. రెండు లాజికల్ రీజనింగ్, ఒకటి రీడింగ్ కాంప్రహెన్షన్. నాలుగోది ఈ రెండు రకాల్లోనే ఒకటి, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోరు, ఏది లెక్కలోకి రానిదో మనకి చెప్పరు. లెక్కలు లేవు, జనరల్ నాలెడ్జ్ లేదు. తమాషా ఏమిటంటే చట్టం గురించి కూడా ఒక్క ముక్క తెలియనక్కర్లేదు. ఉన్నదల్లా వాక్యాలు. ఒక పేరా ఇచ్చి, ఇందులో చెప్పిందేమిటి, చెప్పకుండా అనుకున్నదేమిటి, వాదన ఎక్కడ కాలు జారింది అని అడుగుతారు. అంతే.

ఇంతకు ముందు లాజిక్ గేమ్స్ అని ఒక సెక్షన్ ఉండేది. ఏడుగురు ఏడు కుర్చీల్లో కూర్చున్నారు, ఫలానావాడు ఫలానావాడి పక్కన కూర్చోడు, మూడో కుర్చీలో ఎవరు... ఆ టైపు. మన ఇంజనీర్లకి అది పాయసం. బొమ్మ గీసుకుని చకచకా చేసిపారేసేవాళ్లు. 2024 ఆగస్టు నుంచి అది లేదు. ఎందుకు పోయిందంటే, చూపు లేని అభ్యర్థులు బొమ్మలు గీసుకుని చెయ్యాల్సిన ప్రశ్నలు మాకు అన్యాయం అని కోర్టుకెళ్లారు, 2019లో రాజీ కుదిరింది, ఐదేళ్లకి ఆ సెక్షనే ఎత్తేశారు. లా స్కూలు ప్రవేశ పరీక్ష స్వరూపాన్నే ఒక దావా మార్చేసింది. ఇప్పుడు మిగిలింది అచ్చంగా చదవడం. కోడు రాయడం మాటెలా ఉన్నా, చదవడమంటే మనకి పడదు. డాక్యుమెంటేషన్ చదవకుండానే స్టాక్ ఓవర్‌ఫ్లో మీద పదిహేనేళ్లు బతికేసిన జాతి మనది :)

అన్నట్టు డంప్స్. సర్టిఫికేషన్ పరీక్షలకి మనవాళ్లు బట్టీ పట్టే ప్రశ్నల మూటలు దీనికి పనికిరావు. పాత పేపర్లని ఎల్‌సాకే తన లాహబ్ సైటులో పెడుతుంది, కొన్ని ఉచితం కూడా. ఎవరైనా తీసి చేసుకోవచ్చు. కానీ అవి వంద చేసినా నూటొకటోదాంట్లో ఒక్క ప్రశ్నా మళ్లీ రాదు. వచ్చేది అదే తప్పు, కొత్త చొక్కా వేసుకుని వస్తుంది.

ఉదాహరణ చెప్తాను. పోయిన నెల ఒక బర్త్‌డే పార్టీలో విన్నది. "ఫలానావాళ్లబ్బాయి లా చదివి రెండు లక్షల డాలర్ల అప్పులో ఉన్నాడు. కాబట్టి మనవాళ్లకి లా వద్దు." అదే నోటితో పది నిమిషాల తర్వాత, "ఇంకో ఫలానావాళ్లమ్మాయి కంప్యూటర్ సైన్సు చదివి గూగుల్లో చేరింది. కాబట్టి మా చిన్నదాన్ని కంప్యూటర్సే చదివిస్తాం." ఒక్క మనిషిని చూసి ఊరందరికీ తీర్పు చెప్పడం. ఇదే ఎల్‌సాట్‌లో ఇచ్చి 'ఈ వాదనలో లోపమేమిటి' అంటారు. మన వీకెండ్ పార్టీల్లో ఒక సాయంత్రం మాటలు రికార్డు చేస్తే నాలుగు పేపర్లకి సరిపడా ప్రశ్నలు తయారవుతాయి.

ఇంకో సంగతి. ఇంగ్లీషు మన భాష కాదు కాబట్టి ఈ పరీక్ష మనకి కాదు అనేవాళ్లున్నారు. నాకు అర్థమైనంత వరకూ విషయం తలకిందులు. ఎల్‌సాట్‌లో ఎక్కువమంది అమెరికా పిల్లలు బోల్తా పడేది 'ఇఫ్' దగ్గర, 'ఓన్లీ ఇఫ్' దగ్గర, 'అన్‌లెస్' దగ్గర. కోచింగ్ పుస్తకాలు వీటికి బాణం గుర్తులేసి పేజీలకి పేజీలు రాస్తాయి. మన తెలుగులో చూడండి. 'వాన పడితే మ్యాచ్ ఆగుతుంది' అన్నామంటే వాన చాలు, మ్యాచ్ ఆగినట్టే. ఇంకో కారణంతో కూడా ఆగొచ్చు. 'వాన పడితేనే మ్యాచ్ ఆగుతుంది' అన్నామనుకోండి, మ్యాచ్ ఆగిందంటే వాన పడ్డట్టే. కానీ వాన పడ్డంత మాత్రాన ఆగాలని లేదు. 'వాన పడితే తప్ప మ్యాచ్ ఆగదు' అన్నా ఇదే అర్థం. ఒక్క 'నే' చేరిస్తే బాణం తిరగబడింది. తెలుగు మాట్లాడే మూడేళ్ల పిల్లకి కూడా 'అన్నం తింటే చాక్లెట్' వేరు, 'అన్నం తింటేనే చాక్లెట్' వేరు అని తెలుసు. నేను ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో తెలుగులోకి తిప్పుకుని 'తే'నా 'తేనే'నా అని చూసుకోవడం మొదలెట్టాక ఈ రకం ప్రశ్నలు పోలేదు. మొదటి ప్రాక్టీసు పేపర్లో 149 వచ్చిన నాకు, పొద్దున్నే ఐదింటికి లేచి ఎనిమిది నెలలు చేశాక అసలు పరీక్షలో 164 వచ్చింది. గొప్ప స్కోరేం కాదు. హార్వర్డు, యేలు వైపు చూడాలంటే 170 దాటి ఇంకా పైకి పోవాలి. నాకు కావలసిన సాయంత్రం క్లాసుల కాలేజీలకి సరిపోతుంది.

ఇక నాలుగో ప్రశ్న. ఎందుకీ లా?

అయ్యా, ఈ దేశంలో మన బతుకు మొత్తం ఎవరో రాసిన వాక్యాల మీద నిలబడి ఉంది. వీసా ఒక వాక్యం. ఐ-140 ఒక వాక్యం. మీ ఆవిడ హెచ్-4 మీద ఉద్యోగం చేస్తోందంటే 2015లో రాసిన ఒక నిబంధన వల్ల. ఆ వాక్యాల్ని మనలో ఎంతమంది స్వయంగా చదివారు? "మా అటార్నీ చూసుకుంటాడు" అంటాం. ఆ అటార్నీకి ఫీజు ఇచ్చేది మీ కంపెనీ. మీకూ కంపెనీకీ తేడా వచ్చిన రోజున ఆయన ఎవరి పక్కనుంటాడు?

బెంచ్ మాట తీసుకోండి. హెచ్-1బి మీదున్న మనిషికి ప్రాజెక్టు దొరకలేదని జీతం ఆపడం చట్టవిరుద్ధం. 1998లో కాంగ్రెస్ చేసిన చట్టంలోనే ఉంది. ఆ తర్వాత మన తెలుగు గెస్ట్‌హౌసుల్లో జీతం లేకుండా పప్పన్నం తిని నెలలు గడిపినవాళ్లు ఎందరో లెక్క తియ్యగలమా? అదే చట్టంలో ఇంకోటుంది. ఫలానా తేదీ లోపు ఉద్యోగం మానేశావు కాబట్టి జరిమానా కట్టు అని యజమాని అడగకూడదు. అయితే నిజంగా జరగబోయే నష్టాన్ని ముందే అంచనా వేసి ఒప్పందంలో రాసుకుంటే, ఆ నష్టపరిహారం మాత్రం అడగొచ్చు. ఏది జరిమానా, ఏది నష్టపరిహారం? అది ఆ రాష్ట్ర చట్టాన్ని బట్టి తేలుతుంది. నా పాత రూమ్మేటు ఒకడు ఒక కన్సల్టెన్సీ వదిలి ఫుల్‌టైం ఉద్యోగానికి వెళ్తుంటే పదివేల డాలర్లు కట్టమని నోటీసు పంపారు. పాపం ఎనిమిది వాయిదాల్లో కట్టేశాడు. తర్వాత ఆ కాగితం నాకు చూపించాడు. అందులో ఆ సొమ్ముని రాసినవాళ్లే 'పెనాల్టీ' అన్నారు! చట్టం ఏ పేరు పెట్టి వద్దందో ఆ పేరే పెట్టుకుని నోటీసిచ్చారు. పేరొక్కటే కేసుని తేల్చెయ్యదు నిజమే, కానీ వాయిదాలు కట్టే ముందు ఒకరిని అడిగి తీరాల్సిన మాట అది. అడగడానికి మావాడికి తెలిసిన తెలుగు వకీలు ఒక్కరూ లేరు. తెలిసిన జావా డెవలపర్లు మాత్రం నూటయాభై మంది.

2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ. మన పిల్లల కాళ్లకి రేడియో కాలర్లు కడితే పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్. ఆ యూనివర్సిటీని పెట్టిందే ప్రభుత్వం, వల పన్నడానికి. ఆరొందల మంది చిక్కుకుంటే ఎక్కువమంది తెలుగువాళ్లే, వాళ్లని అందులోకి లాగిన దళారులుగా పట్టుబడ్డ ఎనిమిది మందిలో కూడా ఎక్కువమంది తెలుగువాళ్లే. మనం ఏం చేశాం? వాట్సాప్‌లో రెండు వర్గాలుగా చీలి, "వాళ్లకి తెలిసే చేరారు" అని ఒకరు, "పాపం పసివాళ్లు" అని ఒకరు వారం రోజులు కొట్టుకున్నాం. అక్కడ చేరిన ఒక విద్యార్థి మాత్రం వేరే మాటతో కోర్టుకెళ్లాడు. నేను ఫీజు కట్టాను, మీరు చదువు చెప్పలేదు, ఇది ఒప్పందం తప్పడం, నా డబ్బు నాకివ్వండి అని. వీసా ఊసు లేదు, కన్నీళ్లు లేవు. మామూలు బాకీ కేసు! కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ కొట్టివేత చెల్లదంది. వాట్సాప్‌లో ఆరొందల మంది కోసం ఏడ్చినవాళ్లెవరికీ తట్టని కోణం అది. అలాంటి కోణం చూపించడానికే వకీలు కావాలి.

నాకు అన్నిటికన్నా నచ్చిన కేసు ఇంకోటుంది, మనవాళ్లు ఎవరూ చెప్పుకోరు. న్యూయార్క్‌లో ఫార్మసిస్టు లైసెన్సు అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డువాళ్లకీ మాత్రమే అని రూలుండేది. హెచ్-1బి లాంటి వీసాల మీద పనిచేస్తున్న ఫార్మసిస్టులు కొందరు, ఇదేం న్యాయమని రాష్ట్రం మీద దావా వేశారు. 2012లో సెకండ్ సర్క్యూట్ ఆ రూలు చెల్లదని కొట్టేసింది. రాజ్యాంగం పద్నాలుగో సవరణ ఇచ్చే సమాన రక్షణ వీళ్లకీ ఉందని. ఆ కేసు పేరు 'దండమూడి వర్సెస్ టిష్'. కింది కోర్టులో దాని పేరు 'అడుసుమిల్లి వర్సెస్ స్టైనర్'. ఇంటిపేర్లు చూస్తే ఏ ఊరి బస్సెక్కి వచ్చారో తెలిసిపోవట్లా? అమెరికా రాజ్యాంగ చట్టం పుస్తకాల్లో మన ఇంటిపేర్లున్నాయి. మన తెలుగు సంఘాల సావనీర్లలో మాత్రం ఎక్కడా కనబడవు. అక్కడ సినిమావాళ్ల ఫొటోలకే చోటు సరిపోదు.

ఈ కేసుకి ఒక తోక కూడా ఉంది. 2005లో ఫిఫ్త్ సర్క్యూట్ ఇదే తరహా ప్రశ్న మీద ఉల్టా తీర్పిచ్చింది. తాత్కాలిక వీసాలున్నవాళ్లని వకీళ్లుగా చేర్చుకోమన్న లూసియానా రూలు చెల్లుతుందని. అంటే అదే వీసా, అదే రాజ్యాంగం, న్యూయార్క్‌లో ఒక మాట, లూసియానాలో ఒక మాట. "వీసా మీదున్నవాడికి బార్ ఇస్తారా?" అనే స్నేహితులకి ఇదే నా జవాబు. ఏ రాష్ట్రంలో రాస్తున్నావన్నదాన్ని బట్టి ఉంటుంది, ముందే ఆ రాష్ట్రం రూల్సు చదువుకో. గ్రీన్‌కార్డు ఉంటే ఆ బెంగే లేదు, శాశ్వత నివాసిని పౌరుడు కాదన్న ఒక్క కారణంతో బార్‌కి దూరం పెట్టకూడదని సుప్రీంకోర్టు 1973లోనే గ్రిఫిత్స్ కేసులో తేల్చేసింది.

మనకి వకీళ్లంటే ఎప్పుడూ ఇంత చులకన లేదు. మా తాతల కాలంలో ప్లీడరుగారంటే ఊరంతా లేచి నిలబడేది. ఆంధ్ర రాష్ట్రానికి 1953లో మొదటి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారు ఇంగ్లండు వెళ్లి చదివొచ్చిన బారిస్టరు. తర్వాతెప్పుడో ఎంసెట్ వచ్చింది, ఎంసెట్‌లో సీటు రానివాడు లాసెట్ రాస్తాడన్న వెటకారం వచ్చింది. విమానమెక్కి ఇక్కడికొచ్చినా ఆ వెటకారం సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కనే వచ్చింది. 2024లో ఉషా చిలుకూరిగారి పేరు పత్రికలకెక్కగానే "మన అమ్మాయే" అని స్వీట్లు పంచుకున్నవాళ్లని ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆవిడ యేల్‌లో చదివింది హిస్టరీ, తర్వాత అక్కడే లా, ఆ తర్వాత చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ దగ్గర క్లర్కుగా పనిచేశారు. మీ అమ్మాయి వచ్చి "నాన్నా, నేను బీఏ హిస్టరీ చదివి లాకి వెళ్తా" అంటే ఆ స్వీటు గొంతు దిగుతుందా?

అలాగని ఎల్‌సాట్‌ని ఇంకో ఐఐటీ ఫౌండేషన్ కోర్సు చెయ్యబోయేవాళ్లని చూస్తే నాకు ఇంకా భయం. ఆల్రెడీ మొదలైంది. తొమ్మిదో క్లాసు పిల్లాణ్ని లాజికల్ రీజనింగ్‌కి ట్యూషన్ పెట్టించినవాళ్లు మా టౌన్‌షిప్‌లోనే ఉన్నారు. వాడికి కావలసింది ట్యూషను కాదండీ. మంచి పుస్తకం, ఎదురు వాదిస్తే చెంప పగలగొట్టని ఇల్లు. డైనింగ్ టేబుల్ దగ్గర "ఎందుకు?" అంటే "నోర్ముయ్" అనే ఇంట్లో పెరిగినవాడికి 180 వస్తే మాత్రం ఏం వాదిస్తాడు?

దరఖాస్తు దగ్గరికొద్దాం, ఇక్కడ మనవాళ్లకి దెబ్బ మీద దెబ్బ. ఎల్‌సాక్ లెక్కలో జీపీఏ అంటే బ్యాచిలర్స్‌దే. మీ ఎమ్మెస్‌లో 4.0 ఉన్నా ఆ లెక్కలోకి రాదు. పోనీ ఇండియాలో బీటెక్ చేశామంటే దానికి జీపీఏ కట్టరు, అన్ని మార్కుల మెమోలూ చూసి 'సుపీరియర్' అనో 'ఎబవ్ యావరేజ్' అనో ఒక మాట రాస్తారు. నాలుగేళ్ల డిస్టింక్షనుకి ఒక మాట! అందుకే మనలాంటి వాళ్లకి ఎల్‌సాట్ స్కోరు బరువు ఎక్కువ. దాని తర్వాత బరువు పర్సనల్ స్టేట్‌మెంట్‌ది. ఎమ్మెస్‌కి వచ్చేటప్పుడు సీనియర్ దగ్గర తీసుకున్న ఎస్‌ఓపీలో పేరు మార్చి పంపినట్టు ఇక్కడ పంపితే కుదరదు. కాపీ కొట్టినట్టు తేలితే ఎల్‌సాక్ విచారణ జరిపి, ఆ సంగతి అన్ని కాలేజీలకీ చేరేస్తుంది.

దీన్ని మించింది 'క్యారెక్టర్ అండ్ ఫిట్‌నెస్'. లా స్కూలు అడుగుతుంది, మూడేళ్ల తర్వాత బార్ మళ్లీ అడిగి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఎక్కడెక్కడ పనిచేశావు, ఎప్పుడు, ఎవరి కింద. ఇప్పుడు చెప్పండి, లేని ఏడేళ్ల అనుభవం రెజ్యూమేలో అతికించి, ఇంటర్వ్యూకి ప్రాక్సీని కూర్చోబెట్టి కెరీర్ మొదలెట్టినవాడు ఈ ఫారం ఎలా నింపుతాడు? స్టీఫెన్ గ్లాస్ అని ఒక జర్నలిస్టు కట్టుకథలు రాసి 1998లో దొరికిపోయాడు. తర్వాత లా పూర్తి చేశాడు, బార్ పరీక్షా పాసయ్యాడు. 2014లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నీకు లైసెన్సు ఇవ్వం పొమ్మంది. పదహారేళ్ల తర్వాత! "అందరూ పెట్టేదేగా ఫేక్" అంటూ కుర్రాళ్ల చేత సంతకాలు పెట్టించే కన్సల్టెన్సీ మహానుభావులు, వాళ్ల జీవితంలో ఏ తలుపుకి తాళం వేస్తున్నారో ఒక్కసారైనా చెప్తున్నారా? నాకు తెలిసి మనవాళ్లు ఇటువైపు రాకపోవడానికి ఇంగ్లీషు కాదు, ఇదొక పెద్ద అడ్డం. దీని గురించి పైకి మాట్లాడేవాడే లేడు.

డబ్బు సంగతి సూటిగా చెప్పుకుందాం. పేరున్న ప్రైవేటు కాలేజీలో ఏడాది ఫీజే 70 వేల డాలర్లు దాటుతుంది. జీతాలకి సగటు చూసి మోసపోకండి, ఆ గ్రాఫుకి ఒంటె మూపులాగా రెండు గుట్టలుంటాయి. పెద్ద ఫర్ముల్లో మొదటి ఏడాదే 225 వేలు, మిగతావాళ్లలో చాలామందికి అందులో మూడో వంతు. సగటు దగ్గర ఎవరూ ఉండరు. అందుకే నేను ఉద్యోగం మానట్లేదు. హెచ్-1బి మీద ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైం చదవొచ్చు. ఎఫ్-1 వాళ్లకి ఆ వీలు లేదు, హెచ్-4 వాళ్లకి ఫుల్‌టైం కూడా పరవాలేదు. న్యూయార్క్‌లో ఫోర్డమ్, వాషింగ్టన్‌లో జార్జిటౌన్ సాయంత్రం క్లాసులు నడుపుతాయి, మా న్యూజెర్సీలో సీటన్ హాల్ వారాంతాల్లో నడుపుతుంది. నాలుగేళ్లు పడుతుంది. గ్రీన్‌కార్డు క్యూలో నేను నిలబడ్డ కాలంతో పోలిస్తే నాలుగేళ్లు ఒక లెక్కా! పేటెంట్ల పని మాత్రమే కావాలనుకునే కంప్యూటర్ సైన్సువాళ్లకి అసలు లా డిగ్రీయే అక్కర్లేదు, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసై పేటెంట్ ఏజెంటు కావచ్చు. వీసా మీదుంటే పరిమిత గుర్తింపు ఇస్తారు.

"చాట్‌జీపీటీ ఉండగా వకీలెందుకు" అనే మేధావులకి ఒకటే మాట. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు వకీళ్లు అది చెప్పిన కేసుల్ని సరిచూడకుండా కోర్టులో వేశారు. ఆ కేసులు అసలు లేవు. ఐదువేల డాలర్లు జరిమానా. చాట్‌జీపీటీకి పడలేదు, సంతకం పెట్టినవాళ్లకి పడింది.

ఈ ఏడు రాయాలనుకునేవాళ్లకి ఒక్క పని చెప్తాను. దరఖాస్తులు సెప్టెంబరులో తెరుస్తారు, వచ్చినవి వచ్చినట్టు చూస్తూ సీట్లు నింపుకుంటూ పోతారు, కాబట్టి నవంబరు లోపు పంపితే మేలు. మీ బీటెక్ ట్రాన్స్‌క్రిప్టు యూనివర్సిటీ నుంచి నేరుగా ఎల్‌సాక్‌కి చేరాలి, మీ చేతిలో ఉన్న కాపీ చెల్లదు. పరీక్షకి పుస్తకం తెరిచే ముందే ఆ కాగితం పని మొదలెట్టండి. నాదానికి మా బావమరిది మూడుసార్లు పరిపాలనా భవనం మెట్లెక్కి, కౌంటర్లో గుమాస్తాగారికి "లా కాదండీ, ఎల్ సాక్, ఎల్ ఎస్ ఏ సీ" అని అడ్రసు తనే కవరు మీద రాసిచ్చి వస్తే, ఏడో వారానికి పెన్సిల్వేనియాలో తేలింది.